కంపెనీ ఆపి "మళ్లీ పిలుస్తాం" అన్నారా? లే-ఆఫ్ పైసలకు దరఖాస్తు ఇలా

జడ్చర్ల ఫ్యాక్టరీల్లో అయినా, చిట్యాల, చౌటుప్పల్ వైపు కంపెనీల్లో అయినా ఆర్డర్లు తగ్గితే ముందుగా ఇంటికి పంపేది రోజుకూలీ వాళ్లనే. "ఊరికి పోండి, పిలుస్తాం" అంటారు, వీళ్లు పోతారు. రెండు నెలలకు వచ్చి లే-ఆఫ్ పైసలు (పని లేదని కొన్నాళ్లు ఆపినందుకు ఇవ్వాల్సిన పరిహారం) అడిగితే "నువ్వే డ్యూటీకి రాలేదు కదా" అని మేనేజర్ ఒక్క మాటతో తేల్చేస్తాడు. దానికి ఏం జవాబు చెప్పాలో తెలియక లేబర్ ఆఫీసు నుంచి కూడా ఉత్తచేతులతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

ముందు మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది కానీ లే-ఆఫ్ లెక్క దాదాపు పాతదే. మీరు చేసేది ఫ్యాక్టరీలోనో గనిలోనో ప్లాంటేషన్ తోటలోనో అయి ఉండాలి, అక్కడ సగటున 50 మందికి తగ్గకుండా పనిచేస్తుండాలి, మీ పేరు హాజరు మస్టర్‌లో ఉండాలి, గత 12 నెలల్లో 240 రోజుల (గనిలో భూమి లోపల పని అయితే 190) పని ఉండాలి. జీతమిచ్చిన ఆదివారాలు, పండుగ సెలవులు కూడా ఈ 240లో కలుస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, చాలామంది అవి వదిలేసి లెక్క తక్కువైందని ఊరుకుంటారు. అన్నీ ఉంటే వారం సెలవు పోను, ఆపిన ప్రతి రోజుకూ బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపినదాంట్లో సగం రావాలి. ఆ రెండూ కలిపి రోజుకు 500 అనుకుంటే 250.

చిక్కంతా "క్యాజువల్" (అవసరమైనప్పుడు మాత్రమే పిలిచే కూలీ) అన్న మాట దగ్గరే. ఈ సగం జీతం నుంచి క్యాజువల్ వాళ్లను చట్టం పక్కన పెట్టింది, అందుకే కంపెనీ మొదట తీసే కాగితం అదే. కానీ రిజిస్టర్‌లో ఏమని రాసుకున్నారు అన్నదొక్కటే చూసి తేల్చే విషయం కాదిది. ఏడాదంతా అదే మిషన్ మీద, అదే షిఫ్ట్‌లో చేసిన మనిషి క్యాజువల్ ఎట్లా అవుతాడని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. అందుకు బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, గేట్ పాస్, టోకెన్ ఉపయోగపడతాయి. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ నంబర్‌తో లాగిన్ అయితే ఏ నెలలో ఎన్ని రోజులకు చందా కట్టారో కనిపిస్తుంది, దాన్ని ప్రింట్ తీసుకోండి. కంపెనీ స్వయంగా సర్కారుకు చెప్పుకున్న లెక్క కాబట్టి కాదనడం కష్టం.

జిన్నింగ్ మిల్లు లాంటి సీజన్ పనికి, బిల్డింగ్ పనికి ఈ సగం జీతం రాదు. టెన్షన్ పడకండి, చేసిన పనికి ఆపిన కూలి వేరే సంగతి. అది వేతనాల కోడ్ కిందికి వస్తుంది, క్యాజువల్ అయినా అడగొచ్చు, మూడేళ్ల గడువుంది, పైసలు ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. రెండింటినీ ఒకే కాగితంలో కలిపేయకుండా వేర్వేరుగా రాసివ్వండి.

ఇక అందరూ దెబ్బతినేది హాజరు దగ్గర. పని లేకపోయినా మామూలు డ్యూటీ టైంలో రోజుకు ఒక్కసారైనా గేటు దగ్గర హాజరు కాకపోతే ఆ రోజు పైసలు అడిగే హక్కు పోతుంది. టైంకు పోయాక రెండు గంటల్లోపు పని ఇవ్వకపోతే ఆ రోజు లే-ఆఫ్ కింద లెక్క. కూలి లేని రోజున ఆటో చార్జీ పెట్టుకుని గేటు దాకా పోవడం అన్యాయంగానే ఉంటుంది, కానీ రూల్ అదే. సెక్యూరిటీ రిజిస్టర్‌లో సంతకం పెట్టనివ్వకపోతే నలుగురైదుగురు కలిసి పోయి, గేటు కనిపించేలా ఫోటో తీసి, సూపర్‌వైజర్‌కు "పనికి వచ్చాం, పని ఇవ్వలేదు" అని వాట్సాప్‌లో పెట్టండి. మొదటి వారంలోనే కంపెనీ అడ్రసుకు అదే మాట రాసి స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. నోటీసు బోర్డు మీద ఏదైనా అంటిస్తే దాన్నీ ఫోటో తీయండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద రాయొచ్చు: పేరు, పని, ఎప్పటి నుంచి, రోజు రేటు, ఆపిన తేదీలు, రావాల్సిన మొత్తం. మేస్త్రీ ద్వారా చేరితే కాంట్రాక్టర్ పేరూ, అసలు కంపెనీ పేరూ రెండూ రాయండి, కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాల్సిందే. మీ సొంతూరు అచ్చంపేట అయినా ఫ్యాక్టరీ ఎక్కడుందో అక్కడి లేబర్ ఆఫీసులోనే ఇవ్వాలి. జిరాక్స్ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రావొద్దు. లే-ఆఫ్ పైసలకు ఏడాదిలోపే దరఖాస్తు పడాలి, తర్వాత అయితే ఆలస్యానికి గట్టి కారణం చూపించాలి.

మధ్యలో కంపెనీ వాళ్లు రాజీ కాగితం తెస్తే చదివించుకుని గానీ సంతకం పెట్టకండి. 45 రోజుల తర్వాత లే-ఆఫ్ పైసలు అడగం అని అందులో ఉంటే, మీ సంతకంతో అది చెల్లుతుంది. ఖాళీ వోచర్ అయితే అసలే వద్దు.

ఫిర్యాదు తీసుకోవడానికి లేబర్ ఆఫీసులో ఫీజు లేదు. వచ్చినదాంట్లో వాటా ఇస్తే ఫైల్ కదిలిస్తానని గేటు దగ్గర ఎవరైనా అంటే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఫ్యాక్టరీ కార్మికులకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు, ఫోన్ అయితే 15100.