‘ఏ డౌటున్నా అడుగు’ అంటే ఎవరూ అడగరు: యూనివర్సిటీలో మెంటరింగ్ ఎలా మొదలుపెట్టాలి?

యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలో నాకో మెయిల్ వచ్చింది. ‘నేను మీ మెంటర్‌ని, ఏ డౌటున్నా మొహమాటపడకుండా అడగండి’ అని. నేను అడగలేదు. ఏం అడగాలో తెలిస్తే కదా! క్రెడిట్ అంటే ఏంటో తెలియని మనిషికి క్రెడిట్ల మీద డౌటెలా వస్తుంది? రెండేళ్లకి నేనే మెంటర్‌నయ్యాక సరిగ్గా అలాంటి మెయిలే పదిమందికి పంపాను, ఒక్కరూ జవాబివ్వలేదు, అప్పుడుగానీ నాకు బుర్రకెక్కలేదు. సాయం ఎక్కువ అవసరమైనవాళ్లే అందరికంటే తక్కువ నోరు విప్పుతారు. కాబట్టి వాళ్లు అడిగేదాకా ఆగకూడదు, ఏ ఏర్పాటు చేసినా ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుని చేయాలి.

1. ఎవరి పని ఏంటో ముందే తేల్చుకోండి

మెంటర్ అంటే దారి తెలిసిన సీనియర్. ఏ కోర్సు తీసుకోవాలి, స్కాలర్‌షిప్ ఫారం ఎవరికివ్వాలి, ఏ మేడమ్‌ని ఎప్పుడు కలిస్తే ఓపిగ్గా చెప్తారు, ఇలాంటివి చెప్పే మనిషి. పక్కన కూర్చుని కలిసి చదివే తోటి విద్యార్థి వేరు. శిక్షణ పొందిన కౌన్సెలర్ వేరు. ఈ మూడూ కలిపేస్తే ఇరవయ్యేళ్ల పిల్లో పిల్లాడో ఇంకొకరి డిప్రెషన్‌ని నెత్తిన మోయాల్సి వస్తుంది, అది ఇద్దరికీ మంచిది కాదు. ఇంకోమాట, మార్కులు వేసే లెక్చరర్‌ని అదే స్టూడెంట్‌కి మెంటర్‌గా పెట్టకండి. ‘మీ క్లాస్ అర్థం కావట్లేదు’ అని ఆయన మొహం మీదే ఎవరు చెప్తారు?

2. ‘వీక్ స్టూడెంట్స్’ జాబితా చించేయండి

వెనకబడ్డవాళ్లకి మాత్రమే మెంటర్‌ని ఇస్తే, మెంటర్ ఉన్నాడంటేనే వెనకబడ్డాడని ముద్ర పడిపోతుంది. మొదటి సంవత్సరం వాళ్లందరికీ ఇవ్వండి. అమెరికాలో మిస్సోరీ-కాన్సాస్ సిటీ యూనివర్సిటీలో 1973లో ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ అనే పద్ధతి మొదలైంది. అందులో ఎవరు ఫెయిలవుతారని వెతకరు, ఎక్కువమంది ఫెయిలవుతున్న సబ్జెక్టులేవో చూస్తారు. ఆ సబ్జెక్టు బాగా పాసైన సీనియర్ మళ్లీ అదే క్లాసులో కూర్చుని, తర్వాత గ్రూపుగా చదివిస్తారు, ఇష్టమున్న ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్తే సిగ్గుపడాల్సిన పనేమీ ఉండదు.

మెంటర్లుగా టాపర్లనే ఏరుకోనక్కర్లేదు. నన్నడిగితే ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ గట్టెక్కినవాళ్లే మేలు. ఒక్కొక్కరికి నలుగురైదుగురు చాలు. జత కలిపేముందు జూనియర్‌నే అడగండి: తనలాగే ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన సీనియర్ కావాలా, వీల్‌చైర్ వాడే మనిషికి వీల్‌చైర్ వాడే సీనియరే కావాలా, లేక అది తప్ప ఇంకేదైనా మాట్లాడుకునే మనిషి కావాలా? మీరే ఊహించుకుని కలిపేయకండి.

3. మొదటి మెసేజ్

అన్నిటికంటే దీనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. పదిమందికి అచ్చుగుద్దినట్టు ఒకే మెయిల్ వద్దు. ఇలా రాసి చూడండి:

‘హాయ్, నేను థర్డ్ ఇయర్. రేపు నాలుగింటికి లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను, ఓ పావుగంట కూర్చుందాం. కుదరకపోతే కుదరదని పెట్టినా చాలు. ఫస్ట్ సెమిస్టర్‌లో నేను మ్యాథ్స్ తప్పాను, ఎలా బయటపడ్డానో కలిసినప్పుడు చెప్తా.’

టైము, చోటు మీరే చెప్పారు, కాదనడానికీ దారి ఇచ్చారు, పైగా మీ ఫెయిల్యూర్ ముందు మీరే ఒప్పుకున్నారు. ఈ చివరిది ఊరికే చెప్పట్లేదు. వాల్టన్, కోహెన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ‘ఇక్కడ నేను ఇమడలేనేమో అన్న బెంగ మొదట్లో చాలామందికి ఉంటుంది, కాలంతో తగ్గుతుంది’ అని సీనియర్లు చెప్పిన అనుభవాలని ఫస్ట్ ఇయర్ వాళ్లచేత దాదాపు గంటసేపు చదివించి, దానిమీద రాయించారు. తర్వాతి మూడేళ్లలో అందులో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగయ్యాయి.

4. కూర్చున్నాక

‘క్లాసులో ఏమీ అర్థం కావట్లేదక్కా’ అంటుంది జూనియర్. ‘అందరికీ అంతేలే, కష్టపడు’ అన్నారంటే మాట అక్కడితో తెగిపోతుంది. ‘ఎక్కడ్నుంచి అర్థం కావట్లేదు?’ అని అడిగి కాసేపు ఊరుకోండి. ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి. కాసేపటికి, ‘వెనక బెంచీ నుంచి బోర్డు కనపడదు, ముందు బెంచీల్లో ఎప్పుడూ ఒకే గ్యాంగ్ కూర్చుంటుంది’ అని బయటికొస్తుంది. అంటే అది తెలివితేటల సమస్య కాదు, సీటు సమస్య!

లిఫ్ట్ లేక మూడో అంతస్తు క్లాసుకి రాలేని విద్యార్థికి ధైర్యం చెప్పి కౌన్సెలింగ్‌కి పంపడం అన్యాయం. క్లాసుని కిందికి మార్చమని ఆఫీసుతో మాట్లాడండి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం, ఉన్నత విద్యలో ఇలాంటి సర్దుబాట్లు చేయాలనే చెప్తోంది. అది ఎవరో చేసే దయ కాదు, హక్కు.

5. మీ చేతుల్లో లేనప్పుడు

‘ఎవరికీ చెప్పనని ఒట్టు’ అనొద్దు. ‘మన మధ్యే ఉంటుంది, కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం చెప్పక తప్పదు’ అని మొదటిరోజే చెప్పేయండి. కౌన్సెలర్ దగ్గరికి పంపాలంటే ఫోన్ నంబర్ చేతిలో పెట్టి ఊరుకోకండి. ‘ఇది నాకు చేతకాని విషయం, చేతనైనవాళ్లున్నారు, కలిసి వెళ్దామా? నేను బయట కూర్చుంటాను’ అనండి. చాలామంది ఆ తలుపు దాకా ఒంటరిగా నడవలేకే ఆగిపోతారు.

చనిపోవాలనుందన్న సూచన కనిపిస్తే సూటిగా అడగండి, ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహే. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే కౌన్సెలర్‌కో ఎమర్జెన్సీకో ఫోన్ చేయండి.

కౌన్సెలింగ్ సెంటర్లకి గుర్తింపునిచ్చే ఐఏసీఎస్ అనే అంతర్జాతీయ సంస్థ, 1,000 నుంచి 1,500 మంది విద్యార్థులకి ఒక ఫుల్‌టైమ్ కౌన్సెలర్ ఉండాలని చాలాకాలం చెప్తూ వచ్చింది. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కేసి యాజమాన్యానికి ఆ లెక్క రాసివ్వండి.

6. మెంటర్లనీ పట్టించుకోండి

రెండు వారాలకోసారి వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి, కౌన్సెలర్ కూడా ఉంటే ఇంకా మంచిది. పేర్లు చెప్పకుండా ఎక్కడ ఇరుక్కున్నారో మాట్లాడుకోనివ్వండి. ఎన్ని మీటింగులు జరిగాయని రిపోర్టు అడక్కండి, అంకెలు నింపడానికి మీటింగులు పుట్టుకొస్తాయి. రెండోసారి రానివాళ్లెవరో అడగండి.

అలా మాయమైనవాళ్లకి ఇంటర్నల్స్ మార్కులొచ్చిన రోజు ఇంకో మెసేజ్ పెట్టమనండి. ‘మార్కులు ఎలా వచ్చినా పర్లేదు, నాలుగింటికి మెట్ల దగ్గరే ఉంటా’ అని. దానికీ జవాబు రాకపోతే ఆ సెమిస్టర్‌కి అక్కడితో ఆపేయండి, వెంటపడినా ఇబ్బందే. వచ్చే సెమిస్టర్ మొదటి వారంలో మళ్లీ పలకరించవచ్చు.