సింత్రా కోటలు, కష్కాయిష్ తీరం ఒక్కరోజులో: బండి మాట్లాడుకునే ముందే చూసుకోవాల్సినవి

పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి సింత్రాకు 30 కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే సొంతంగా బండి మాట్లాడుకున్నవాళ్లు నాలుగు కోటలు, సముద్రం మీది కొండకొమ్ము కాబో ద రోకా, తీరపట్నాలు కష్కాయిష్, ఎస్తోరిల్ అన్నీ ఒక్కరోజులో చుట్టేయొచ్చనుకుంటారు. దూరం లెక్క సరైనదే. టైమంతా తినేసేవి ఎక్కడాలు, దిగడాలు, క్యూలు. రెండు ప్యాలెస్‌లు, సముద్రం మీది ఒక కొండకొమ్ము, ఒక తీరపట్నం చాలు.

అన్నిటికన్నా ముందు సింత్రా కొండమీది పెనా ప్యాలెస్ టికెట్ సంగతి తేల్చుకోండి. తోట వరకే ఒక టికెట్, ప్యాలెస్ లోపలికి కూడా పనికొచ్చేది ఇంకోటి. చౌకగా ఉందని మొదటిది కొంటే బయటి గోడలు, టెర్రస్‌లు చూసి వెనక్కి రావడమే. రెండోదాని మీద అచ్చయ్యే టైము ప్యాలెస్ తలుపు దగ్గరది, తోట గేటుది కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గేటు నుంచి తలుపు దాకా ఎక్కుడు దారి, పెద్దవాళ్లతో నడిస్తే అరగంట. షటిల్ బస్సు ఉంది గానీ దానికి వేరే డబ్బు, వేరే క్యూ. 10 గంటల స్లాట్ ఉంటే 9:15కల్లా గేటు దగ్గరుండాలి, అంటే లిస్బన్‌లో 8 గంటలకే బండెక్కాలి. ఆలస్యమైతే లోపలికి పంపరు, డబ్బు వెనక్కి రాదు. డ్రైవరు ఎంత మంచివాడైనా చేయగలిగిందేమీ లేదు.

బండి మాట్లాడేటప్పుడు కొన్ని విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. టూర్ నడిపేవాళ్లకు ఆర్‌ఎన్‌ఏఏటీ (పోర్చుగల్‌లో టూర్ నిర్వాహకుల జాతీయ రిజిస్టర్) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. చెప్పిన ధరలో ప్రవేశ టికెట్లు కలిశాయా? వచ్చేది గైడా, ఒట్టి డ్రైవరా? సింత్రాలోనూ, పెనా కొండదారిలోనూ కార్లకు ఆంక్షలున్నాయి కాబట్టి ఎక్కడ దింపుతారో, మళ్లీ ఎక్కడ ఎక్కించుకుంటారో ముందే తెలియాలి. 12 ఏళ్లలోపు, 135 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న పిల్లలకు పోర్చుగల్‌లో పిల్లల సీటు తప్పనిసరి. అడగకపోతే తేరు.

వేసవిలో ఇంకో చిక్కుంది. కార్చిచ్చు ముప్పు బాగా ఎక్కువున్న రోజుల్లో సింత్రా కొండనే మూసేస్తారు. ముందురోజు సాయంత్రం ఒకసారి చూసుకోండి. మూస్తే ఊరి నడిబొడ్డున వంటింటి మీద 33 మీటర్ల జంట పొగగొట్టాలున్న నేషనల్ ప్యాలెస్, దారిలోని కెలూజ్ ప్యాలెస్ ఎక్కువగా తెరిచే ఉంటాయి. నిజానికి ఆ వంటిల్లు, దాని పొగగొట్టాలు చూడ్డానికైనా నేషనల్ ప్యాలెస్‌కు వెళ్లాలి.

లిస్బన్‌లో ఎండ మాడ్చేస్తున్నా కొండమీద మంచు కమ్మి చలి పెట్టొచ్చు. పల్చటి జాకెట్ ఒకటి చేతిలో ఉంచుకోండి.

సింత్రాలోని కింటా ద రెగలేరా అనే తోట బంగళాలో అందరూ ఎగబడేది 27 మీటర్ల లోతున్న మెట్ల బావి కోసం. అది నీళ్ల కోసం తవ్వింది కాదు, కానీ మెట్లు మాత్రం తడిగానే ఉంటాయి. మలుపు లోపలివైపు మెట్టు సన్నబడుతుంది, కాలు జారేది అక్కడే. గోడవైపు నడవండి, ఫొటో కావాలంటే ఆగి తీసుకోండి. అడుగున చీకటి సొరంగాలు. ఫోన్ లైటుంటే చాలు. నున్నటి అడుగున్న చెప్పులతో మాత్రం వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై నుంచి తొంగిచూసినా లోటేమీ లేదు.

అక్కణ్నుంచి తీరానికి దారంతా మెలికలే. కడుపులో తిప్పేవాళ్లు మాత్ర అరగంట ముందే వేసుకోవాలి.

కాబో ద రోకా యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర. కింద దాదాపు 140 మీటర్ల అగాధం. కంచె దాటి జనం నడిచిన కాలిబాటలు కనిపిస్తాయి. వాటిని నమ్మొద్దు. అంచు మట్టి వదులుగా ఉంటుంది, గాలి ఉన్నట్టుండి తోస్తుంది. 2014 ఆగస్టులో అంచున ఫొటో తీసుకోబోయి భార్యాభర్తలిద్దరు పడిపోయారు. ఇక్కడి పార్కింగ్‌లో బ్యాగు సీటు మీద కనపడేలా వదిలి వెళ్లకండి.

కష్కాయిష్ వెళ్లే దారిలోని గిన్షో బీచ్ చూడ్డానికి అందంగా ఉంటుంది, ఈతకు మాత్రం మంచిది కాదు. గాలి, లోపలికి లాగే ప్రవాహాలు రెండూ బలమైనవే, నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. ఎర్రజెండా ఉంటే నీళ్లలో దిగొద్దు. పసుపుజెండా ఉంటే కాళ్లు తడుపుకోవచ్చు, ఈదకూడదు. నీలం తెలుపు గళ్ల జెండా ఉంటే లైఫ్‌గార్డు ప్రస్తుతానికి లేడని అర్థం. పిల్లలు నీళ్లలో ఆడాలంటే కష్కాయిష్‌లోని చిన్న బీచ్‌లు నయం. కష్కాయిష్ పక్కనే ఉన్న రాతితీరం బోకా దు ఇన్ఫెర్ను దగ్గర అలలు ఎగసిపడే రోజున రాళ్ల మీదికి దిగకండి. ఏం జరిగినా అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

భోజనానికి కూర్చోగానే అడక్కుండా వచ్చే రొట్టె, ఆలివ్‌లు, చీజ్ ఉచితం కాదు. వద్దనుకుంటే ముట్టకుండా వెనక్కి పంపండి.

సాయంత్రం తీరం రోడ్డు కిక్కిరిసిపోతే బండిని కష్కాయిష్‌లోనే వదిలేయండి. అక్కణ్నుంచి లిస్బన్‌లోని కాయిష్ దు సొద్రే స్టేషన్‌కు రైల్లో సుమారు 40 నిమిషాలు.