ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంట నడవబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

- మొత్తం దారి 84 మైళ్లు. ఒక్క రోజే ఉంటే స్టీల్ రిగ్ కార్ పార్క్ నుంచి హౌస్‌స్టెడ్స్ కోట దాకా నడిస్తే చాలు, నన్నడిగితే అసలు అందమంతా ఆ ముక్కలోనే ఉంది. కాకపోతే రాతి మెట్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ, తడిస్తే మామూలు షూస్ జారతాయి కాబట్టి పట్టున్న బూట్లే వేసుకోండి. మధ్యలో సినిమాల్లో చూసిన సైకమోర్ చెట్టు కోసం వెతక్కండి, 2023లో ఎవరో నరికేశారు, మొద్దే మిగిలింది.
- గోడ వెంట తిరిగే ఏడీ122 బస్సు ఏడాదంతా ఒకేలా తిరగదు, టైమింగ్స్ ముందురోజే చూడండి. డిసెంబర్‌లో నాలుగు దాటకుండానే చీకటి!
- సైకిలా? కాలిబాట మీద తొక్కకూడదు. 72వ నంబరు సైకిల్ రూటు వేరే ఉంది.
- దూడలున్న ఆవులు కనిపిస్తే ఫోటోల కోసం దగ్గరికి పోకుండా దూరంగా చుట్టి వెళ్లండి, కుక్క వెంట ఉంటే ఇంకా జాగ్రత్త. ఆవు మీదికొస్తే తాడు వదిలేయండి, కుక్క ఎలాగోలా తప్పించుకుంటుంది. తీసిన గేటు మళ్లీ వేయాలి.
- ఫోన్ సిగ్నల్‌ను నమ్మొద్దు, ఈ ప్రాంతానికి ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఓఎల్43 కాగితం మ్యాప్ కొనండి.
- రెయిన్ కోటు జూలైలో కూడా.
- గోడ ఎక్కకండి. క్రీ.శ. 122లో మొదలైన కట్టడం, సెల్ఫీ కింద నిలబడీ వస్తుంది.
- గడ్డిలో నడిచాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోండి.