చదివిన వచనం పక్కన ఒక పేరు రాయండి

బైబిలు రోజుకు మూడు అధ్యాయాలు లెక్కపెట్టుకుని చదివిన రోజులు నాకూ ఉన్నాయి. సాయంత్రానికి పొద్దున ఏం చదివానో గుర్తుండేది కాదు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి చెప్తాను, మీకూ పనికొస్తుంది.

కొత్త నిబంధనలో యాకోబు రాసిన ఉత్తరం, యాకోబు పత్రికతో మొదలుపెట్టండి. 5 అధ్యాయాలే, మొత్తం 108 వచనాలు. రోజుకు నాలుగైదు చాలు. పైకి, నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. మన తెలుగు బైబిలు భాష పాతది కదా, మొదటిసారి నోరు తిరగడానికే సరిపోతుంది, అర్థం రెండోసారి దిగుతుంది. తర్వాత ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి. ఆ వచనం దగ్గర ఎవరు గుర్తొచ్చారో వాళ్ల పేరు, తేదీ వేసి, నోట్‌బుక్‌లో రాసుకోండి.

నేను రెండో అధ్యాయం 15, 16 వచనాల దగ్గర ఆగిపోయాను. బట్టా తిండీ లేనివాళ్లకు ఏమీ ఇవ్వకుండా సమాధానంగా, అంటే శాంతిగా, వెళ్లమంటే ఏం ప్రయోజనమని అడుగుతాడు యాకోబు. మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం మందిరం మెట్ల దగ్గర "వందనాలమ్మా, మీకోసం ప్రార్థన చేస్తున్నాం" అని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఆ సాయంత్రం ఐదు కిలోల బియ్యం పట్టుకెళ్లాను. ఆవిడ సంచీ వైపు చూడలేదు. అయిపోయిన బీపీ మాత్రల అట్ట చేతిలో పెట్టి, "ఇవి తెచ్చిపెడతావా నాయనా" అంది. అప్పట్నుంచి నెలనెలా ఆ పని నాదే.

వారానికి ఒక్క పేరు చాలు. రాసిన రోజే వెళ్లండి. వెళ్లాక ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.