బెంగళూరు ఎండలో పరారుణ ఫొటోలు తీయడం ఎలా?

పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) ఫొటో, అంటే ఎరుపుకు ఆవల కంటికి కనిపించని కాంతితో తీసే ఫొటో, అనగానే చాలామంది ఒక ఫిల్టరు కొని, లెన్సుకు బిగించి, చెట్టు కేసి తిప్పి నొక్కేస్తారు. ఆకులు తెల్లగా వచ్చాయా లేదా అన్నది తప్ప మరేదీ చూడరు. ఆ ఆకుల అంచులన్నీ మసకగా ఉన్న సంగతి ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించినప్పుడు గాని బయటపడదు. ఆ మసకకు కారణం చాలావరకు ఫోకసే కనుక, మిగతా పనులను త్వరగా ముగించి, ఆ ఒక్క దాని మీద నిదానంగా నిలుస్తాను.

కావలసినవి తక్కువే: సుమారు 720 నానోమీటర్ల కంటే పొడవైన కాంతి తరంగాలనే లోపలికి వదిలే హోయా ఆర్72 వంటి ఫిల్టరు (దీనినే 720 ఫిల్టరు అంటారు), కదలని ట్రైపాడ్, కెమెరాను ముట్టకుండా షట్టరు నొక్కే కేబుల్ రిలీజ్, నల్ల టేపు. ఫిల్ము వాడేవారు 850 ఫిల్టరు జోలికి పోకూడదు. ఇల్‌ఫోర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200 సుమారు 740 నానోమీటర్ల వరకు, రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 సుమారు 820 వరకు మాత్రమే చూడగలవు కనుక, వాటి ముందు 850 ఫిల్టరు పెట్టడం లెన్సుకు మూత పెట్టడంతో సమానం. ఫిల్మును నీడలో, వీలైతే పూర్తి చీకట్లో ఎక్కించాలి. కెమెరా వెనుక ఫిల్ము పేరు కనిపించే చిన్న కిటికీ ఉంటే దానికి నల్ల టేపు వేయాలి. ఫిల్ము అంచు రంధ్రాలను పరారుణ కాంతితోనే లెక్కపెట్టే ఆటోమేటిక్ కెమెరాలు ఈ పనికి పనికిరావు; అవి ఫిల్మును అంచు నుంచే పొగబారిస్తాయి.

డిజిటల్ కెమెరా సెన్సరుకు పరారుణ కాంతి సహజంగానే కనిపిస్తుంది కాని, తయారీదారులు దాని ముందు ఒక అడ్డు ఫిల్టరు పెడతారు. పరారుణ కాంతిని చిమ్మే టీవీ రిమోట్‌ను లెన్సు ఎదుట నొక్కి చూస్తే, దాని వెలుగు తెర మీద ఎంత మసకగా కనిపిస్తుందో దానిని బట్టి ఆ అడ్డు ఎంత గట్టిదో తెలుస్తుంది. దానిని తీయించని కెమెరాతో నిండు ఎండలో కూడా కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం వరకు ఎక్స్‌పోజర్ పట్టవచ్చు కనుక, గాలికి ఊగే కొమ్మల మీద ఆశ వదులుకోవలసిందే.

నడి ఎండను తప్పించుకోవాలన్న మామూలు ఫొటోగ్రఫీ సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉదయం పది దాటాక, మబ్బు లేని ఎండలో లాల్‌బాగ్‌కు వెళ్లాలి. ఆకులోని పత్రహరితం పరారుణ కాంతిని పీల్చుకోదు, లోపలి కణాల అమరిక దానిని వెనక్కి చిమ్ముతుంది కనుక చెట్లు తెల్లబడతాయి. చెరువు నీరు ఆ కాంతిని మింగి నల్లబడుతుంది. అక్కడ కెంపేగౌడ గోపురమున్న, నైస్ (gneiss) అనే రకం రాతిగుట్ట ఈ రెండింటి మధ్య బూడిదరంగులో నిలుస్తుంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1910లో ఇటువంటి చిత్రాలను ప్రచురించినందువల్లే ఆకులు ఇలా తెల్లబడడానికి ఆయన పేరు మీద వుడ్ ఎఫెక్ట్ అనే పేరు వచ్చింది. పరారుణ ఫొటోను అనుకరించే ఫోన్ యాప్‌లు చేసేది ఇది కాదు. అవి పచ్చరంగు కనిపించిన ప్రతిచోటా వెలుగు పెంచుతాయి గనుక, చెట్టుతోపాటు పచ్చ రంగు వేసిన కటకటాలనూ తెల్లగా మారుస్తాయి.

ఇక అసలు పని. పరారుణ కిరణాలు లెన్సులో మామూలు కాంతికంటే తక్కువగా వంగుతాయి కనుక అవి కాస్త వెనుకగా కూడుతాయి. కంటికి స్ఫుటంగా కనిపించిన చోటే ఫోకస్ ఉంచి తీసిన ఫొటో అందుకే మసకగా వస్తుంది. దానిని చూపించి "అన్నా, లెన్సు పాడైందేమో" అని అడిగే కుర్రవాళ్ల లెన్సులన్నీ బాగానే ఉంటాయి.

ఫిల్ము కెమెరా అయితే ఫిల్టరు లేకుండానే ట్రైపాడ్ మీద కూర్పు సరిచూసి, ఫోకస్ చేసి, లెన్సు మీద మామూలు గీతకు ఎదురుగా ఏ దూరం ఉందో చదవాలి. ఆ పక్కనే పరారుణ ఫోకస్ గుర్తుగా ఎర్రని చుక్కో, గీతో, ఆర్ అక్షరమో ఉంటుంది; చదివిన దూరం దాని ఎదుటికి వచ్చేలా రింగు తిప్పాలి. చాలామంది ఇక్కడ అటుది ఇటు తిప్పి తప్పును రెట్టింపు చేసుకుంటారు. సరిగ్గా తిప్పితే వస్తువు ఇంకా దగ్గరగా ఉన్నట్టు లెన్సు కొద్దిగా ముందుకు రావాలి. అది వెనక్కి పోతే తప్పు తిప్పినట్టే.

ఆ తరువాత ఫిల్టరు బిగించేటప్పుడు చేతి ఒత్తిడికి ఫోకస్ రింగు కూడా తిరిగిపోతుంది. కనుక రింగుకు ముందుగా టేపు అంటించి, ఆపైనే ఫిల్టరును ముట్టుకోవాలి. ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఫిల్ము అంత దూరపు పరారుణాన్ని చూడదు కనుక ఎర్ర గుర్తు వరకు వెళ్లనక్కరలేదు. మామూలు గీతకు, ఎర్ర గుర్తుకు నట్టనడుమ వరకు తిప్పితే చాలు. లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్8 లేదా ఎఫ్11 వద్ద ఉంచాలి. అంతకంటే మూస్తే, తరంగదైర్ఘ్యం ఎక్కువైనందువల్ల వివర్తనం, అంటే చిన్న రంధ్రం దాటిన కాంతి చెదరడం, త్వరగా మొదలై, ఎఫ్16 దాదాపు ఎఫ్22లాగా పదును పోగొడుతుంది.

జూమ్ లెన్సు వద్దు. జూమ్ మారినప్పుడల్లా ఈ గుర్తు స్థానం మారుతుంది, కొత్త జూమ్‌ల మీద అసలు గుర్తే ఉండదు. పాత 50 మిల్లీమీటర్ల మాన్యువల్ లెన్సుకు మించినది ఈ పనికి లేదు.

డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో చేసే ఆటోఫోకస్ వేరే సెన్సరుతో కొలుస్తుంది కనుక దానిని నమ్మకూడదు. సెన్సరు చూసేదే వెనుక తెర మీద చూపే లైవ్ వ్యూ పెట్టి, ఫిల్టరు బిగించాకే, తెరను బ్లాక్ అండ్ వైట్‌కు మార్చి, ఎండ పడే ఆకు అంచును పది రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయాలి. మిర్రర్‌లెస్ కెమెరాకూ ఇదే పద్ధతి. కొన్ని లెన్సులు బొమ్మ నడుమ తెల్లటి మచ్చ వేస్తాయి. అపర్చర్ తెరిచినా ఆ మచ్చ పోకపోతే లెన్సు మార్చడమే మార్గం.

ఎక్స్‌పోజర్ తేలిక. రోలై 400 ఫిల్మును ఫిల్టరు లేకుండా 12 ఐఎస్‌ఓగా కొలిచి, కొలిచినట్టు ఒకటి, ఒక స్టాపు ఎక్కువగా (రెట్టింపు కాంతితో) ఒకటి, ఒక స్టాపు తక్కువగా (సగం కాంతితో) ఒకటి, మొత్తం మూడు తీయాలి. డిజిటల్‌లో రా ఫైలు (కెమెరా దిద్దని ముడి ఫైలు) తీసి, ఏది తెలుపో కెమెరాకు చెప్పే వైట్ బ్యాలెన్స్‌ను ఆకు మీద కొలవాలి. ఎరుపు, నీలం చానెళ్లను తారుమారు చేసి ఆకాశానికి నీలం తెప్పించడం కొందరికి ఇష్టం; నాకు నలుపు తెలుపే ఫొటో. ఫిల్మును ల్యాబుకు ఇచ్చేటప్పుడు అది బ్లాక్ అండ్ వైట్ ఫిల్మని, కలర్ రసాయనాల్లో వేయకూడదని, డబ్బాలోంచి పూర్తి చీకట్లోనే బయటకు తీయాలని కవరు మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి.