మందు వికటిస్తే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి: ఉద్దానం ఇళ్ల కోసం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందు పెడతారు. అందులో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే రక్తపరీక్ష) రిపోర్టులు, స్కానింగు కాగితాలు, ఆసుపత్రి చీటీలు అన్నీ ఉంటాయి, కానీ ఇన్నేళ్లలో ఆ మనిషి ఏ బిళ్లలు మింగాడు, ఎవరిచ్చిన పసరు తాగాడు అనేది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఈ జబ్బుకి కారణం నీళ్లా, నేలా, ఎండలో పనా, పురుగుమందులా అని ఎన్నో బృందాలు వచ్చి నమూనాలు పట్టుకెళ్లాయి, ఫలానాదే అని అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ రాలేదు. నీళ్లలో ఏముందో ల్యాబ్‌లో కొలుస్తారు. మనం మింగిందేమిటో మనం చెబితేనే తెలుస్తుంది. అందుకే ఏం రాసుకోవాలో, మందు పడకపోతే ఎవరికి చెప్పాలో వివరంగా రాస్తున్నాను. విజయనగరం వైపు బీపీ, షుగరు ఉన్నవాళ్లకీ ఇదంతా పనికొస్తుంది.

ముందు నొప్పి బిళ్లల సంగతి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా మింగేది అవే. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గిపోకుండా లోపలికొచ్చే సన్నటి రక్తనాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని మన ఒంట్లోనే తయారవుతాయి, వాటిని ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పి తగ్గించేది వీటిని తయారు కాకుండా ఆపడం వల్లే. అంటే పొద్దంతా జీడితోటలో పనిచేసి, నీళ్లు సరిగా తాగక, రాత్రి నడుంనొప్పికి ఒక బిళ్ల వేసుకుంటే కిడ్నీకి సరిగ్గా అవసరమైన సమయంలో ఆ ఆసరా పోతుంది. పేరు చివర ప్రిల్ అనో సార్టాన్ అనో ఉండే బీపీ మందు, దానికి తోడు ఒంటినీరు తీసే బిళ్ల కూడా వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అలాగని బీపీ మందు మీ అంతట మీరు ఆపేయకండి, చాలామందిలో కిడ్నీని కాపాడేది అదే. ఆపాల్సింది చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్లని. నొప్పికి ఏం వేసుకోవచ్చో డాక్టరుగారిని ముందే అడిగి రాయించుకోండి.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. "నేను పారాసిటమాలే వాడతానండీ" అంటారు, స్ట్రిప్ తిప్పి చూస్తే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ కలిపిన బిళ్ల. పైన పెద్ద అక్షరాలతో ఉండే కంపెనీ పేరు చూసి లాభం లేదు, కింద చిన్న అక్షరాల్లో ప్రతి బిళ్లలో ఏమేం ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో రాస్తారు, చదవాల్సింది ఆ వరుస. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి.

ఇంకో చిక్కు, షాపులో స్ట్రిప్ కత్తిరించి రెండు బిళ్లలు ఇస్తారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చివరి ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. రెండు బిళ్లలకి బిల్లేంటని అనుకోకండి, బిల్లు అడగండి. కనీసం పూర్తి స్ట్రిప్‌ని రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీయనివ్వమనండి. పొట్లం కట్టిచ్చేవాళ్లని "బాబూ, ఇందులో ఏముందో పేరు రాసివ్వు" అనండి. పేరు చెప్పని మందు వేసుకోవద్దు, సూదైనా అంతే.

చెట్ల మందు అయితే ఇంకా జాగ్రత్త కావాలి, దాని మీద లేబులే ఉండదు కదా. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గడానికని ఒక క్లినిక్ ఇచ్చిన బిళ్లలు వాడిన ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పాడయ్యాయి, చివరికి లెక్క వంద దాటింది. ఒక చైనా మూలిక వేయాల్సిన చోట పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక కలిసింది, అందులో కిడ్నీని పాడుచేసే అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంది. యూరప్‌లో డాన్యూబ్ అనే నదిలో కలిసే ఉపనదుల ఒడ్డున ఉన్న పల్లెల్లోనూ మన ఉద్దానంలాగే రైతు కుటుంబాలకి కిడ్నీ జబ్బు వచ్చేది, 1950ల్లో గుర్తించారు, కారణం మాత్రం దశాబ్దాలు తేలలేదు. గోధుమ చేలో కలుపుగా పెరిగే ఒక మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయనీ, అందులోని ఆ యాసిడే కారణమనీ 2007లో గట్టి ఆధారం దొరికింది. మనూరి జబ్బుకీ అదే కారణమని నేను అనడం లేదు. కానీ అదే జాతి మొక్క మన దగ్గరా ఉంది, ఈశ్వరి అంటారు, పాముకాటుకని, కడుపునొప్పికని నాటువైద్యంలో వాడతారు. కిడ్నీ జబ్బు ఉన్నా లేకున్నా దాన్ని లోపలికి తీసుకోవద్దు. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే.

గలిజేరు ఆకు కిడ్నీని బాగుచేస్తుందట, పరిశోధనలో తేలిందట అని వాట్సాప్‌లో వస్తే ఒక్క మాట అడగండి: ఎవరి మీద తేలింది? గాజుపాత్రలో కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? మొక్కల్లో మందు ఉండదని కాదు, మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది, దాన్ని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త టూ యూయూకి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. అయితే అది మనుషుల మీద పరీక్షలు దాటి, ఎంత మోతాదో తేలాకే మందయింది. మన దేశంలో మనుషుల మీద జరిగే ప్రయోగాలను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఎవరైనా ఉచితంగా వెతికి చూడొచ్చు. మందు అమ్మేవాళ్లు ప్రయోగాలు జరిగాయంటే ఆ నమోదు నంబరు అడగండి.

ఇక మందు వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, కళ్లు పచ్చబడటం లాంటివి వస్తే ముందు ఆసుపత్రికి వెళ్లండి. నోట్లో పుళ్లు, చర్మం ఊడటం, ఆయాసం ఉంటే ఒక్క పూట కూడా ఆగకండి. వెళ్లేటప్పుడు మిగిలిన బిళ్లలు, ఆకు, పొడి, సీసా ఏదైతే అది పట్టుకెళ్లండి.

ప్రాణం కుదుటపడ్డాక చేయాల్సిన పని రిపోర్టు ఇవ్వడం, దాదాపు ఎవరూ చేయనిది ఇదే. ఇందుకోసం 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్, అంటే మందుల వల్ల జరిగే చెడును నమోదు చేసే కార్యక్రమం నడుస్తోంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూసుకుంటుంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, పనిదినాల్లో పగటిపూట చేయండి. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. చాలా మెడికల్ కాలేజీల్లో ఫార్మకాలజీ (మందుల గురించి చెప్పే) విభాగం వాళ్లు ఈ రిపోర్టులు తీసుకుంటారు, శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లినప్పుడు అక్కడ అడగండి. ఆయుర్వేదం, నాటుమందు అయితే 2018లో ఆయుష్ శాఖ విడిగా పెట్టిన ఇలాంటి విభాగం ఉంది, మూలికల గురించి మొదటి నంబరుకి చెప్పినా తీసుకుంటారు.

ఆ మందు వల్లే అని మీరు నిరూపించక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. డాక్టరుగారి మీద కేసవుతుందేమో అని టెన్షన్ పడొద్దు, అది ఫిర్యాదు కాదు, మీ పేరు బయటపెట్టరు. ఎవరికి, ఎంత వయసు, ఏ మందు, ఎందుకు, ఎంత మోతాదు, ఏ తేదీ మొదలుపెట్టి ఏ తేదీ ఆపారు, ఏమైంది, ఆపాక తగ్గిందా, అదే సమయంలో ఇంకేం వాడుతున్నారు, ఇవి చెప్పాలి. ఒక్కరి కబురుతో ఏమీ తేలదు, అలాంటివే దేశం నలుమూలల నుంచి వచ్చి ఒకచోట చేరితేనే ప్రమాదం బయటపడుతుంది. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్‌తో డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరులో హెచ్చరిక వచ్చింది ఇలా చేరిన రిపోర్టుల వల్లే.

కిడ్నీ విషయమైతే ఆ మందుకి ముందు చేయించిన క్రియాటినిన్ రిపోర్టు, తర్వాతది రెండూ తేదీలతో జతచేయండి. వివరాల కోసం వాళ్లు మళ్లీ ఫోన్ చేయొచ్చు, కాబట్టి ఆ స్ట్రిప్పు, బిల్లు అప్పటిదాకా పారేయకుండా రిపోర్టుల కవరులోనే ఉంచండి.