వానాకాలంలో వైజాగ్ నుంచి సీలేరు అడవి మీదుగా ఒంటరిగా సైకిల్ మీద

ఆగస్టులో ఒక్కరే సైకిలేసుకుని ఏజెన్సీకి వెళ్తామంటే ఇంట్లో వాళ్ళు ముందు అడిగేది "డిసెంబర్‌లో వెళ్తే ఏం పోయింది?" అనే. డిసెంబర్‌లో అరకు రోడ్డంతా కార్లు, లంబసింగిలో తెల్లారకుండానే సెల్ఫీల గుంపులు. వానల్లో రోడ్డు ఖాళీ, ఎండదెబ్బ భయం లేదు, కొండంతా పచ్చగా ఉంటుంది. కాకపోతే తోడు ఎవరైనా ఉంటే "ఇక చాల్లే, ఆగుదాం" అని ఎవరో ఒకరు అంటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్ళు ఉండరు, అలిసిపోయిన బుర్రేమో ఇంకో పది కిలోమీటర్లేగా అని పోరు పెడుతుంది. అందుకే ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది ఇంట్లో కూర్చునే కాగితం మీద రాసుకోండి. రోడ్డు మీద దాన్ని మార్చొద్దు.

దారి ఇది. వైజాగ్ నుంచి శృంగవరపుకోట వరకు దాదాపు మైదానమే. అక్కడి నుంచి ఘాట్ ఎక్కి అనంతగిరి, సుంకరమెట్ట, అరకు, మొత్తం 115 కిలోమీటర్లు దాకా. అరకు నుంచి పాడేరు, చింతపల్లి. ఆ తర్వాత అసలు అడవి: గూడెం కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం, రాజమండ్రి, రైల్లో ఇంటికి. రోజుకి యాభై, అరవై కిలోమీటర్లకు మించి వేసుకోవద్దు. మైదానంలో వంద తొక్కేవాళ్ళైనా సరే, ఘాట్‌లో వాన పడుతుంటే ఆ లెక్క పనికిరాదు. పైగా ఊరికే కూర్చోడానికని రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే రెండు మూడు రోజులు వదలకుండా కురుస్తుంది. సెలవు అయిపోతోందన్న టెన్షన్‌తోనే జనం ఆ వానలో బయల్దేరేది.

ఈ దారిలో మంచి సంగతి ఏంటంటే చింతపల్లి వరకు ఎక్కడికక్కడ కిందికి దిగే రోడ్డుంది. అరకు నుంచి వచ్చిన దారినే దిగొచ్చు, పాడేరు నుంచి ఘాట్ దిగితే చోడవరం, చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా దిగితే నర్సీపట్నం. గూడెం కొత్తవీధి దాటాక మాత్రం చింతూరు చేరేదాకా మైదానంలోకి సులువైన దారి లేదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. కాబట్టి ముందుకా, వెనక్కా అనేది చింతపల్లిలోనే తేల్చుకోవాలి. ఆ ఊరి పోలీస్ స్టేషన్ మీదే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు పడింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అదీ ఇలాంటి వానల్లోనే. గేర్ల సైకిల్ పెట్టుకుని మనం మరీ గొణక్కూడదు.

చింతపల్లిలో చూసుకోవాల్సినవి రెండు. ఒకటి వాతావరణ శాఖ హెచ్చరిక. వాళ్ళ లెక్కలో భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, అది దాటితే అతి భారీ. ఆరెంజ్ అలర్ట్ ఉంటే లాడ్జిలోనే ఉండిపోండి, రెడ్ అలర్ట్ వస్తుందంటే అది రాకముందే నర్సీపట్నం దిగిపోండి. రెండోది చాలామంది చూడనిది, భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. గోదావరి పోటెత్తితే అందులో కలిసే శబరి నది నీళ్ళు వెనక్కి ఎగదన్ని చింతూరు చుట్టుపక్కల రోడ్లు మునుగుతాయి. అప్పుడు సీలేరు అడవంతా దాటుకుని వెళ్ళినా ముందుకు దారుండదు. మీరున్నచోట చినుకు లేకపోయినా ఎక్కడో ఎగువన పడిన వాన ఈ పని చేస్తుంది, కాబట్టి ఆకాశం చూసి నిర్ణయించొద్దు. మొదటి హెచ్చరిక వచ్చిందా, ఈసారికి లంబసింగి దారి పట్టడమే నయం. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ ముందే ఎక్కించుకోండి, కానీ సిగ్నల్ లేనిచోట దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఉరుము వినిపిస్తే చెట్టు కింద, గుట్ట మీద నిలబడకుండా పక్కా ఇల్లు చూసుకోవాలి.

గెడ్డల (కొండవాగుల) సంగతి ఒక్క ముక్కలో: నీళ్ళ కింద రోడ్డు కనిపించకపోతే దిగొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది గానీ, బ్యాగులు కట్టిన సైకిల్ ప్రవాహానికి అడ్డం తిరిగితే మనిషిని కూడా లాక్కుపోతుంది, కింద కాజ్‌వే కొట్టుకుపోయి ఉందో లేదో పైనుంచి తెలీదు. పైన వాన ఆగితే చిన్న గెడ్డలు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుని కూర్చోండి. మీ ముందే బైకుల వాళ్ళు దాటేస్తుంటారు. దాటనివ్వండి, వాళ్ళకి ఆ గెడ్డ తెలుసు.

ఇక సైకిల్. ఖరీదైనదే ఉండాలనేం లేదు గానీ బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు. రిమ్ బ్రేక్ (చక్రం అంచుని పట్టేది) అయితే తడి రిమ్ మీద మొదట నీళ్ళు తుడవడానికే సరిపోతుంది, పట్టు ఆ తర్వాత వస్తుంది. మలుపు రాకముందే ఒకసారి మెల్లగా నొక్కి రిమ్ ఆరబెట్టుకుని, తర్వాత గట్టిగా పట్టాలి. డిస్క్ బ్రేక్ మేలు, కానీ వానలో బురద, ఇసుక కలిసి ప్యాడ్లని అరగదీసేస్తాయి, మెత్తటి రెసిన్ ప్యాడ్లు మరీ త్వరగా పోతాయి, మెటల్ ప్యాడ్లు ఎక్కువ నిలుస్తాయి. ఏదైనా సరే కొత్త ప్యాడ్ల జత ఒకటి సంచిలో ఉండాలి, మార్చడం ఇంటి దగ్గరే నేర్చుకుని ఉండాలి.

టైర్ల విషయంలో వెడల్పుగా ఉన్నవే తీసుకోండి, సన్నటి రోడ్ బైక్ టైర్లు ఈ రోడ్లకి వద్దు. గాలి మామూలు కంటే కాస్త తక్కువ పెడితే తడి తారు మీద పట్టు బాగుంటుంది. ట్యూబులకి మోటార్‌సైకిల్ తరహా వాల్వ్ ఉంటే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పడుతుంది, సన్నటి వాల్వ్ అయితే మీ చేతిపంపే గతి. వానలో ప్యాచ్ అతకదు, కాబట్టి స్పేర్ ట్యూబులు రెండు మూడు ఉంచుకుని, పంక్చర్ అయితే ట్యూబ్ మార్చేసి, ప్యాచ్ పని రాత్రి పొడి నేల మీద చేసుకోండి. వెనక గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (హ్యాంగర్) వంగితే ఊళ్ళో దొరకదు, మీ మోడల్‌దే ఒకటి కొని పెట్టుకోండి. చైన్‌కి రోజూ సాయంత్రం తుడిచి, తడి వాతావరణానికి వాడే చిక్కటి నూనె వేసి, పైకి కనిపించేది మళ్ళీ తుడిచేయాలి. మడ్‌గార్డులు లేకుండా బయల్దేరొద్దు, వెనక ఎర్ర లైటు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉండాలి, మబ్బు దిగితే మలుపులో లారీ వాడికి మీరు కనపడరు.

తడవకుండా వెళ్ళడం అనేది జరిగే పని కాదు. మూడింటిని మాత్రం పొడిగా కాపాడుకోండి: పడుకునే బట్టలు, దుప్పటి, ఫోన్‌తో పాటు పవర్ బ్యాంక్. వీటిని బ్యాగులో దేనికది విడిగా మందపాటి పాలిథిన్ కవర్లో కట్టాలి, బ్యాగు వాటర్‌ప్రూఫ్ అని షాపు వాడు ఎంత ఒట్టేసినా సరే. పగలు వేసుకునే జత మర్నాడు పొద్దున్న తడిగానే ఉంటుంది, ముఖం చిట్లించుకుని అదే వేసుకోవాలి, రాత్రి జత మాత్రం ముట్టుకోవద్దు. ఘాట్ ఎక్కేటప్పుడు రెయిన్‌కోట్ విప్పేయండి, లోపల చెమటతో ఎలాగూ తడుస్తారు. దిగేటప్పుడు మాత్రం తప్పకుండా వేసుకోవాలి, తడి ఒంటికి గాలి కొడితే ఆగస్టులో కూడా చేతులు కొంకర్లు పోతాయి, బ్రేక్ నొక్కలేరు. కాళ్ళకి షూ కంటే పట్టీల శాండిల్స్ మంచివి, రాత్రి పాదాలు బాగా ఆరబెట్టి కొబ్బరినూనో వ్యాజలీనో రాయండి. సీటు ఒరుసుకునేచోటా అంతే.

జలగ పడితే ఉప్పు వేస్తే వదిలేస్తుంది. దోమల సంగతి అలా తేలిగ్గా తీసుకునేది కాదు, మన్యంలో మలేరియా ఎప్పటినుంచో ఉన్నదే. సాయంత్రం నిండా బట్టలు, క్రీము, దొరికితే దోమతెర. వెళ్ళొచ్చిన నెలలోపు జ్వరం వస్తే డాక్టర్‌తో ఏజెన్సీకి వెళ్ళొచ్చానని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఊట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా కాచిన తర్వాతే తాగాలి.

సాయంత్రం నాలుగింటికల్లా చోటు చూసుకోవడం మొదలుపెట్టండి. పాడేరు, చింతపల్లిలో లాడ్జీలుంటాయి. మధ్యలో చీకటి పడేలా ఉంటే అడవిలో టెంట్ వద్దు, రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా కుదరదు కూడా. ఊళ్ళోకి వెళ్ళి బడ్డీ దగ్గర టీ తాగుతూ పెద్ద ఎవరో కనుక్కుని, స్కూలు వరండాలో పడుకోవచ్చా అని అడగండి. చోడి (రాగి) అంబలి ఇస్తే తాగండి, కాదనొద్దు. దారిలో పోలీసు చెక్‌పోస్టుల్లో బ్యాగులు విప్పమంటారు, గంజాయి తనిఖీలు అందరికీ ఉండేవే, వాదించకుండా ఆధార్ చూపించి, ఎటు పోతున్నారో, ఎప్పటికి చేరతారో మీరే చెప్పి రాయించండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అంతకంటే మంచి బీమా లేదు. ఇంట్లో కూడా ఒకరికి ఊరి పేర్లు, తేదీలు రాసిచ్చి, ఫలానా రోజు రాత్రికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా రాయండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు, చిల్లర నోట్లు దండిగా ఉంచుకోండి.

రాజమండ్రి స్టేషన్‌లో రైలు టైముకి బాగా ముందే పార్సిల్ ఆఫీసుకి వెళ్ళి, బ్యాగులన్నీ విప్పి సైకిల్ ఒక్కదాన్నే బుక్ చేయించండి. ఇంటికొచ్చాక మాత్రం అలా గోడకి ఆనించి వదిలేయకండి, సీటు రాడ్ పైకి లాగేసి సైకిల్‌ని తలకిందులుగా పెట్టాలి, ఫ్రేములో చేరిన నీళ్ళు అప్పుడు బయటికొస్తాయి.